మూలుగ మార్పిడి తరువాత: ఒంట్లో దాత కణాలెన్ని, సొంత కణాలెన్ని?



మా ఊరు సుంగై సుమున్. మలేసియాలో పేరాక్ రాష్ట్రం, తెలుక్ ఇంతాన్ నుంచి బాగాన్ దాతుక్ పోయే దారిలో కొబ్బరి తోటలు, పామాయిలు తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. ఆ చుట్టుపక్కల ఎస్టేటుల్లో మూడు నాలుగు తరాలుగా తెలుగువాళ్లు ఉన్నారు. నేను చదువు కోసం కౌలాలంపూర్ చేరి, ఆ తరువాత రక్తపరీక్షల ప్రయోగశాలలోనే స్థిరపడ్డాను. ఊళ్లో ఎవరికైనా రక్తసంబంధమైన పెద్ద జబ్బు వస్తే ఆసుపత్రి కాగితాలు నా దాకా వస్తాయి. వాటిలో అందరినీ తికమక పెట్టే కాగితం ఒకటుంది. దాని మీద "కైమెరిజం" అన్న మాట, పక్కన ఒక శాతం, అంతే ఉంటాయి. ఆ శాతం చూసి కొందరు మిఠాయిలు పంచుతారు, కొందరు ఏడుస్తారు. రెండూ తొందరపాటే కావచ్చు. ఆ అంకెను ఎలా చదవాలో తెలుగులో ఒకచోట రాసిపెడితే అమెరికాలో ఉన్నవారికైనా, ఆస్ట్రేలియాలో ఉన్నవారికైనా, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకైనా పనికొస్తుందని ఈ వ్యాసం.

అసలు మార్పిడి అంటే ఏమిటి?

మన రక్తంలోని ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ ఎముకల లోపలి మూలుగలో పుడతాయి. వాటన్నిటికీ తల్లివేరు మూలకణాలు. రక్త కేన్సరు, తలసేమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా వంటి జబ్బుల్లో ఈ మూలుగే చెడిపోయి ఉంటుంది, లేదా పుట్టుకతోనే లోపంతో ఉంటుంది. అప్పుడు రోగి మూలుగను మందులతో, కొన్నిసార్లు రేడియేషన్‌తో అణచివేసి, మరొకరి మూలకణాలను సెలైన్ ఎక్కించినట్టే నరం ద్వారా ఎక్కిస్తారు. అవి దారి వెతుక్కుని ఎముకల్లోకి చేరి అక్కడ కాపురం పెడతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో కొత్త తెల్ల కణాలు రక్తంలో కనపడతాయి.

మనుషుల్లో ఈ పద్ధతికి దారి వేసినవారు అమెరికాకు చెందిన డాక్టర్ డొనాల్ థామస్. ఆయన తొలి ప్రయత్నాలు 1957లో ప్రచురితమయ్యాయి. 1990లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. భారతదేశంలో తొలి మూలుగ మార్పిడి 1983లో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. వెల్లూరు సీఎంసీలో 1986లో మొదలయింది. మలేసియాలో 1987లో కౌలాలంపూర్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఆరంభమయింది.

ఇక అసలు ప్రశ్న. కొత్త కణాలు నాటుకున్నాయి సరే, పాతవి పూర్తిగా పోయాయా? సూక్ష్మదర్శినిలో చూస్తే దాత తెల్ల కణానికీ రోగి తెల్ల కణానికీ తేడా తెలియదు. పొలంలో కొత్త విత్తనం చల్లాక కిందటి పంట గింజలు రాలి మొలిస్తే, మొలక దశలో ఏది ఏదో చెప్పడం రైతుకు కూడా కష్టమే కదా. అలాంటప్పుడు గుర్తు పట్టే ఉపాయం ఒకటి కావాలి.

కైమెరా అన్న పేరు ఎందుకు?

గ్రీకు పురాణాల్లో సింహం, మేక, పాము కలిసిన ఒక మృగం పేరు కైమెరా. మనకు ఈ ఊహ కొత్త కాదు. మలేసియా తెలుగువారిలో చాలామంది తాతముత్తాతలది విశాఖపట్నం వైపు. వాళ్లు మొక్కుకున్న సింహాచలం అప్పన్న వరాహం, నరసింహం కలిసిన రూపం. ఒకే ఒంట్లో ఇద్దరి కణాలు ఉండటాన్ని వైద్యులు కైమెరిజం అన్నారు. 1956లో ఇంగ్లండులో చార్లెస్ ఫోర్డ్ బృందం, సులువుగా గుర్తుపట్టగల క్రోమోజోము ఉన్న దాత ఎలుకల కణాలను రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు ఎక్కించి, ఆ ఎలుకల్లో తిరుగుతున్నవి దాత కణాలేనని చూపించింది.

రిపోర్టులో మూడు మాటలు కనిపిస్తాయి. దాత కణాలు 95 శాతం పైన ఉంటే సాధారణంగా "పూర్ణ కైమెరిజం" అంటారు. 5 నుంచి 95 మధ్య ఉంటే "మిశ్రమ కైమెరిజం". 5 కంటే తక్కువయితే రోగి సొంత మూలుగ తిరిగి వచ్చేసిందని అర్థం. ఈ గీతలు ఆసుపత్రిని బట్టి కొద్దిగా మారతాయి.

ఎలా లెక్కపెడతారు?

మొదటి పద్ధతి ఆడ, మగ తేడాతో. అక్క తమ్ముడికి మూలకణాలిస్తే దాత కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములు, తమ్ముడి కణాల్లో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. వాటికి రెండు రంగుల మెరిసే అద్దకం పట్టించి కొన్ని వందల కణాలను కంటితో లెక్కపెడతారు. దీని పేరు ఫిష్. దాత, రోగి ఇద్దరూ ఆడవారో, ఇద్దరూ మగవారో అయితే ఈ పద్ధతి పనికిరాదు.

రెండో పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉన్నది. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఒకరిలో ఎనిమిదిసార్లు వస్తే మరొకరిలో పదకొండుసార్లు వస్తుంది. వీటిని ఎస్టీఆర్‌లు అంటారు. పోలీసులు నేరస్థులను గుర్తించడానికి వాడే డీఎన్ఏ వేలిముద్ర కూడా ఈ విద్యే. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల దారి చూపితే, 1988 నాటికి హైదరాబాదు సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ మన దేశపు పద్ధతిని తయారు చేశారు. అదే విద్య ఇక్కడ ప్రాణం కాపాడే పనిలో ఉంది.

యంత్రం ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క శిఖరం గీస్తుంది. ఉదాహరణకు ఒకచోట దాత శిఖరాల విస్తీర్ణం 1,900, రోగి శిఖరాల విస్తీర్ణం 100 అనుకోండి. మొత్తం 2,000లో దాత వాటా 1,900, అంటే 95 శాతం. ఇలాంటి చోట్లు కొన్ని తీసుకుని సగటు వేస్తారు. ఈ పద్ధతిలో 1 నుంచి 5 శాతం కంటే తక్కువగా ఉన్న కణాలు కనపడవు. కనుక "100 శాతం దాత" అన్న రిపోర్టుకు, ఈ యంత్రానికి కనపడేంతగా సొంత కణాలు లేవని మాత్రమే అర్థం. ఒక్కటి కూడా లేదని కాదు. అలాగే 97 నుంచి 96కి దిగితే కంగారు అక్కరలేదు. ఆ మాత్రం తేడా కొలతలోనే వస్తుంది.

మూడో పద్ధతి రియల్ టైమ్ పీసీఆర్, డిజిటల్ పీసీఆర్. ఇవి వెయ్యి కణాల్లో ఒకటి, కొన్నిసార్లు అంతకంటే తక్కువ ఉన్నా పట్టుకుంటాయి. ఈ మధ్య కొత్త తరం సీక్వెన్సింగ్ యంత్రాలను కూడా ఈ పనికి వాడుతున్నారు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక నెల ఒక పద్ధతిలో, మరో నెల మరో పద్ధతిలో చేయించి ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. వీలయినంతవరకు ఒకే ప్రయోగశాల, ఒకే పద్ధతి మంచిది.

ఎప్పుడు, ఏ కణాల్లో?

చాలాచోట్ల 30వ రోజు, 60వ రోజు, 90 లేదా 100వ రోజు, ఆరు నెలలకు, ఏడాదికి చూస్తారు. అనుమానం వస్తే ఇంకా దగ్గర దగ్గరగా చూస్తారు. తక్కువ మోతాదు మందులతో మార్పిడి చేసినప్పుడు మొదటి నెలల్లో మిశ్రమం కనపడటం మామూలే.

తెల్ల కణాలన్నిటినీ కలిపి ఒక్క అంకె ఇస్తే చాలా సంగతులు దాగిపోతాయి. అందుకే కణాలను జాతులవారీగా విడదీస్తారు. రిపోర్టులో సీడీ3 అని ఉంటే టి కణాలు, సీడీ33 అని ఉంటే మైలాయిడ్ కణాలు, సీడీ19 అయితే బి కణాలు. టి కణాలు రోగనిరోధక సైన్యం. అవి ఏళ్ల తరబడి బతకగలవు. మైలాయిడ్ జాతి కణాల్లో చాలా భాగం కొద్ది రోజులే బతుకుతాయి, కాబట్టి అవి మూలుగలో ఇవాళ ఏం జరుగుతోందో చెబుతాయి. మైలాయిడ్ 100 శాతం దాతవి, టి కణాలు 60 శాతమే దాతవి అని ఉండొచ్చు. దాన్ని "విభజిత కైమెరిజం" అంటారు. మిగిలిన 40 శాతం సొంత టి కణాలు దాత మూలుగను పరాయిదనుకుని తరిమేయవచ్చు. లేదా నెమ్మదిగా అవే తగ్గిపోవచ్చు. తరువాతి రెండు మూడు రిపోర్టులు చూస్తేనే తెలుస్తుంది.

ఇవి పరీక్ష మార్కులు కావు

మా ఊరి వైపు ఒక కుటుంబం సంగతి చెబుతాను. పందొమ్మిదేళ్ల కుర్రవాడికి ఎక్యూట్ మైలాయిడ్ ల్యుకీమియా. అక్క మూలకణాలిచ్చింది. నెలకు 97, రెండు నెలలకు 92, మూడు నెలలకు 81. ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు. "ఎనభై ఒకటంటే మంచి మార్కులే కదా" అని వాళ్ల పెద్దనాన్న నాతో ఫోనులో అన్నారు. కుర్రవాడు హుషారుగా ఉన్నాడు, తిండి తింటున్నాడు, రక్తకణాల సంఖ్య కూడా బాగుంది. దారి ఖర్చులెందుకని ఆ నెల ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేద్దామనుకున్నారు.

ఆ అంకెల వరస చూస్తే నాకు వేరే సంగతి కనిపించింది. ల్యుకీమియాలో సొంత కణాలు నెలనెలా పెరుగుతున్నాయంటే పాత జబ్బు తలెత్తుతోందేమోనని చూడాలి. సొంత కణాలన్నీ కేన్సరు కణాలు కావు, నిజమే. కానీ కేన్సరు కణాలు కూడా ఆ సొంత వాటాలోనే ఉంటాయి. "వాయిదా వేయకండి పెదనాన్నా, ఈ వారమే తీసుకెళ్లండి" అన్నాను. వెళ్లారు. మూలుగ పరీక్షలో జబ్బు ఇంకా పూర్తిగా తిరగబెట్టలేదు. డాక్టర్లు రోగనిరోధక శక్తిని అణచే మందును త్వరగా తగ్గించారు. తరువాత అక్క నుంచే లింఫోసైట్లు తీసి కొద్ది మోతాదులో ఎక్కించారు. మొదట ఒళ్లంతా దద్దురు వచ్చింది, కొన్ని వారాలు బాధపడ్డాడు. దాత వాటా తిరిగి 99కి చేరింది. ఇప్పుడు తెలుక్ ఇంతాన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. కానీ ఆ నెల ఆగి ఉంటే డాక్టర్లకు ఆ అవకాశం కూడా ఉండేది కాదేమో.

దాత లింఫోసైట్లు ఎక్కించే ఈ పద్ధతిని 1990లో జర్మనీకి చెందిన డాక్టర్ కోల్బ్ బృందం క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా రోగుల్లో చేసి చూపింది. ఇది రెండంచుల కత్తి. దాత సైన్యం కేన్సరు కణాలతో పోరాడుతుంది. అదే సైన్యం రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద కూడా తిరగబడవచ్చు. ఆ తిరుగుబాటును గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ జబ్బు అంటారు.

ఆ తిరుగుబాటు రాకుండా వాడే మందుల్లో ఒకటి మన తెలుగువాడి చేతి మీదుగా వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన బృందం 1940ల చివర తయారు చేసిన మెథోట్రెక్సేట్ అది. దాన్ని మొదట ల్యుకీమియా మందుగా వాడారు. 1986లో సియాటిల్ వైద్యులు సైక్లోస్పోరిన్‌తో కలిపి, మార్పిడి తరువాత కొద్ది మోతాదుల్లో ఇస్తే తిరుగుబాటు తగ్గుతుందని చూపించారు. చాలా చోట్ల 1, 3, 6, 11 రోజుల్లో ఇస్తారు. మోతాదు పట్టికలో ఆ పేరు కనపడితే భీమవరాన్ని ఒకసారి తలుచుకోండి.

తలసేమియాలో లెక్క వేరు

అదే 81 శాతం తలసేమియా పిల్లలో కనపడి, నెలల తరబడి అక్కడే నిలబడి ఉంటే సంతోషించదగ్గ సంగతే. తలసేమియాలో కేన్సరు కణాలు లేవు. సరిపడా మంచి ఎర్ర రక్తం తయారయితే చాలు. ఇటలీలో పెసారో పట్టణంలో డాక్టర్ లుకారెల్లి బృందం 1980ల నుంచి వందలాది మంది తలసేమియా రోగులకు మార్పిడి చేసి ఈ సంగతి గమనించింది. దాత కణాలు 20, 30 శాతమే ఉన్నా ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకోకుండా బతికినవారు వారిలో ఉన్నారు.

దీనికి కారణం ఉంది. మనం లెక్కపెట్టేది తెల్ల కణాల డీఎన్ఏని. పక్వమైన ఎర్ర కణంలో కేంద్రకం ఉండదు కనుక డీఎన్ఏ పరీక్షకు అది దొరకదు. తలసేమియా మూలుగలో పుట్టే ఎర్ర కణాలు చాలావరకు పక్వం కాకముందే చచ్చిపోతాయి. దాత మూలుగ నుంచి పుట్టినవి బతికి బట్టకడతాయి. అందుకని తెల్ల కణాల్లో దాత వాటా 30 శాతమే ఉన్నా, రక్తంలో తిరిగే ఎర్ర కణాల్లో చాలా భాగం దాతవే కావచ్చు.

అయితే మొదటి నెలల్లో జాగ్రత్త తప్పదు. అదే బృందం చూసినదాని ప్రకారం రెండు నెలల దగ్గర సొంత కణాలు 10 శాతం లోపు ఉంటే ఎక్కువమందిలో మార్పిడి నిలిచింది. 25 శాతం దాటితే దాదాపు అందరిలో దాత మూలుగ తిరస్కరణకు గురయింది. కనుక ఇక్కడ కూడా అంకెతోపాటు అది ఎన్నో నెలలో వచ్చింది, ఏ దిశలో పోతోంది అన్నవి చూడాలి.

క్లుప్తంగా చెబితే, రిపోర్టు చేతికి రాగానే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. జబ్బు ఏది? ఇది ఎన్నో రోజు? ఏ జాతి కణాల్లో? కిందటిసారి ఎంత?

ఒక దేశంలో మార్పిడి, మరో దేశంలో పరీక్షలు

ప్రవాసులకు ముఖ్యంగా చెప్పాల్సింది ఇది. మనవాళ్లలో కొందరు ఒక దేశంలో మార్పిడి చేయించుకుని, కొన్ని నెలలకు ఉద్యోగం ఉన్న దేశానికి తిరిగి వస్తారు. అక్కడి ప్రయోగశాల దాత వాటా లెక్కకట్టాలంటే రెండు నమూనాలు కావాలి: మార్పిడికి ముందు రోగి డీఎన్ఏ, దాత డీఎన్ఏ. ఈ రెండూ లేకుంటే ఏ శిఖరం ఎవరిదో చెప్పలేం. దాత దూరదేశంలో ఉండి, పాత నమూనా ఎవరి దగ్గరా లేక, రోగి జుట్టు కుదుళ్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చిన సందర్భాలు చూశాను. బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనా అప్పుడు నమ్మదగినది కాదు, ఎందుకంటే నోటిలో దాత తెల్ల కణాలు కూడా తిరుగుతుంటాయి.

అందుకని ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు ఇవి అడిగి తీసుకోండి.

1. మార్పిడికి ముందు రోగి, దాత ఇద్దరి ఎస్టీఆర్ పట్టికలు. వీలయితే ఇద్దరి డీఎన్ఏ నమూనాలు కూడా.
2. ఇంతవరకు వచ్చిన కైమెరిజం రిపోర్టులన్నీ, తేదీలతో, పద్ధతి పేరుతో.
3. జబ్బుకు ప్రత్యేకమైన గుర్తు ఏదైనా ఉంటే దాని ఫలితాలు. కైమెరిజం పరీక్ష, మిగిలిన కేన్సరును వెతికే పరీక్ష ఒకటి కావు. రెండూ కావాలి.
4. ఏ మందులు, ఏ మోతాదులో, ఎప్పుడు తగ్గించాలో రాసిన కాగితం.

శాతం బాగుంది కదా అని మందులు సొంతంగా ఆపకండి. శాతం తగ్గింది కదా అని కూడా ఆపకండి. రెండూ డాక్టరు చేయాల్సిన పనులు.

తరచు అడిగే ప్రశ్నలు

*ఆడపిల్ల మూలుగ ఎక్కిస్తే మగపిల్లవాడిలో ఏమైనా మారుతుందా?* ఒక నాయనమ్మ నన్ను చాటుగా పిలిచి అడిగిన ప్రశ్న ఇది. ఏమీ మారదు. రక్తకణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, అంతే. మనిషి మనిషే, ఇంటిపేరు ఇంటిపేరే.

*బ్లడ్ గ్రూపు మారుతుందా?* దాతది వేరే గ్రూపు అయితే కొన్ని నెలల్లో దాత గ్రూపుకు మారుతుంది. పాత గుర్తింపు కార్డుల మీద ఉన్న గ్రూపును ఎవరూ నమ్మకుండా చూసుకోండి.

*తలసేమియా నయమయింది కదా, పిల్లలకు రాదు కదా?* ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. మారింది రక్తం మాత్రమే. అండం, వీర్యకణం సొంత జన్యువులతోనే ఉంటాయి. తలసేమియా మేజర్ నుంచి బయటపడినవారి రక్తపరీక్ష మామూలుగా కనిపించవచ్చు, కానీ వారికి పుట్టే పిల్లలందరికీ ఒక లోపమున్న జన్యువు వస్తుంది. పెళ్లాడేవారు కూడా ఆ జన్యువు మోసేవారయితే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం సగం. మలేసియా జనాభాలో సుమారు 4 నుంచి 5 శాతం మంది బీటా తలసేమియా జన్యువు మోస్తున్నారు. మనలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. కనుక పెళ్లికి ముందు అవతలివారికి పరీక్ష చేయించండి. మార్పిడి జరిగిన సంగతి పరీక్ష చేసేవారికి తప్పక చెప్పండి.

*ఇమిగ్రేషన్ కోసం డీఎన్ఏ పరీక్ష అడిగితే?* రక్తం ఇస్తే దాత డీఎన్ఏ వస్తుంది, బంధుత్వం తప్పుగా తేలవచ్చు. ముందే చెప్పి జుట్టు కుదుళ్లు ఇవ్వండి.

*తోబుట్టువు కలవకపోతే?* ఒక తోబుట్టువుతో హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పుడు సగం కలిసిన తల్లి, తండ్రి, పిల్లల నుంచి కూడా మార్పిడి చేస్తున్నారు. బయటి దాతల కోసం మలేసియాలో 2000లో మొదలయిన స్టెమ్ సెల్ రిజిస్ట్రీ, చెన్నైలో 2009లో మొదలయిన దాత్రి ఉన్నాయి. జోడీ ఎక్కువగా సొంత జాతివారిలోనే దొరుకుతుంది. మలేసియాలో తెలుగువాళ్లం కొద్దిమందిమి. మనలో ఒక్కొక్కరు పేరు రాయించుకుంటే ఆ మేరకు మనవారికి జోడీ దొరికే అవకాశం పెరుగుతుంది. వయసులో ఉన్నవారి పేర్లే ఎక్కువ పనికొస్తాయి.

ఈ వ్యాసం డాక్టరు మాటకు బదులు కాదు, డాక్టరుతో మాట్లాడేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి మాత్రమే. ఇంట్లో ఎవరికైనా మార్పిడి జరిగి ఉంటే ఒక నోటు పుస్తకంలో తేదీ, ఎన్నో రోజు, ఏ కణాలు, ఎంత శాతం అని నాలుగు గడులు గీసి రాసుకోండి. వచ్చేసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి.